గర్భసంచి తీసేయాలన్నారా? సంతకం పెట్టేముందు ఎంబొలైజేషన్ సంగతి తెలుసుకోండి

స్కానింగ్‌లో గర్భసంచికి గడ్డలు (ఫైబ్రాయిడ్లు) ఉన్నాయని తేలి, ఆపరేషన్ చేసి సంచి తీసేద్దామని డాక్టరమ్మ చెప్పి, ఏ తేదీకి రమ్మంటారో అని ఎదురుచూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను బెజవాడలో ఒక ఆస్పత్రి క్యాథ్ ల్యాబ్‌లో, అంటే రక్తనాళాల్లోకి గొట్టాలు పంపి వైద్యం చేసే గదిలో, స్టాఫ్ నర్సుని. మందులు రాసేది నేను కాదు, చేసేదీ నేను కాదు. కానీ లోపలికొచ్చేటప్పుడు మనిషి ఎలా వణుకుతుందో, టేబుల్ మీద ఏం జరుగుతుందో, ఆ రాత్రి వార్డులో ఎలా గడుస్తుందో దగ్గరుండి చూసేది మేమే.

మన దగ్గర ఈ విషయంలో ఒక తొందర ఉంది. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా ఆ సంచి, తీయించేసుకుంటే పీడా పోతుంది" అని అత్తగారే అంటారు, పక్కింటావిడా అంటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 చొప్పున ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. దేశంలో అందరికన్నా ముందున్నది మనమే. అందరూ గడ్డల కోసమే తీయించుకున్నారని కాదు. కానీ చిన్న వయసులో తీసేస్తే, అండాశయాలు ఉంచినా సరే, మెనోపాజ్ ముందుగా వచ్చే అవకాశం పెరుగుతుంది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని 3 నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. కాబట్టి ఇంకో డాక్టరుకి చూపించుకుంటాం అనడానికి జంకొద్దు.

ఆ ఇంకో డాక్టరు ఇంకో గైనకాలజిస్టే కానక్కర్లేదు. ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు అని ఉంటారు. ఎక్స్‌రే తెరలోనో, అల్ట్రాసౌండ్‌లోనో చూసుకుంటూ సన్నటి గొట్టాలతో లోపలికెళ్లి పని చేసేవాళ్లు. కాలి రక్తనాళం మూసుకుపోతే తెరిచేది, లివర్‌లో చీము పడితే పొట్ట కొయ్యకుండా గొట్టం వేసి లాగేది, ఉబ్బిన కాళ్ల నరాలను లేజర్‌తో మూసేది వీళ్లే. 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు, కాలు తీసేయాలంటే ఒప్పుకోని 82 ఏళ్ల ముసలావిడకి కత్తి పెట్టకుండా కాలి రక్తనాళం తెరిచాడు, కాలు నిలబడింది. ఈ విద్యకి మొదలు అదే.

గడ్డల సంగతి ప్యారిస్‌లో బయటపడింది. రవీనా అనే గైనకాలజిస్టు బృందం, ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోకుండా ముందుగా గర్భసంచి రక్తనాళాలను మూయించేది. తీరా చూస్తే కొందరికి బాధలు తగ్గిపోయి ఆపరేషనే అక్కర్లేకపోయింది. 16 మందికి ఇలా చేసిన అనుభవాన్ని 1995లో ల్యాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. గర్భసంచికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పెద్ద రక్తనాళాలు వస్తాయి. గడ్డ వాటి మీదే బతుకుతుంది. ఆ రక్తనాళాల్లోకి సన్న బొంబాయి రవ్వంత పూసలు వదిలితే గడ్డకి రక్తం ఆగి ఎండుకుపోతుంది. మామూలు కండకి పక్కదారుల నుంచి రక్తం అందుతూ ఉంటుంది కాబట్టి సంచి నిలుస్తుంది. దీన్నే ఎంబొలైజేషన్ అంటారు.

మీకు పనికొస్తుందా?

ముందు మీ బాధేంటో మీరే తేల్చుకోండి. గడ్డ ఉందన్నంత మాత్రాన ఏదో ఒకటి చేయించుకోవాలని లేదు. ఏ బాధా లేకపోతే చాలామందికి ఏమీ చెయ్యరు, మెనోపాజ్ తర్వాత అవే చిన్నవవుతాయి. గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తోందా, ముద్దలు ముద్దలుగా పోతోందా, హిమోగ్లోబిన్ 7కో 8కో పడిపోయిందా, మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తోందా, పొత్తికడుపు బరువుగా ఉందా అన్నవి కాగితం మీద రాసి పెట్టుకోండి. రేడియాలజిస్టు ముందుగా అడిగేది అదే.

పిల్లలు కావాలనుకునేవాళ్లకి సాధారణంగా ఇది మొదటి దారి కాదు. గడ్డ మాత్రమే తీసి సంచి ఉంచే మయోమెక్టమీ గురించి గైనకాలజిస్టుతో మాట్లాడాలి. గర్భంతో ఉంటే, లోపల ఇన్ఫెక్షన్ ఉంటే, క్యాన్సర్ అనుమానం ఉంటే చెయ్యరు. మెనోపాజ్ అయ్యాక గడ్డ పెరుగుతోందంటే ఆ అనుమానం ముందు తీరాలి. 45 దాటి రక్తం క్రమం తప్పి పోతుంటే గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి బయాప్సీకి పంపమంటారు. "ఇదెందుకు మళ్లీ" అని దాన్ని ఎగ్గొట్టొద్దు. సన్నటి కాడతో సంచి బయట వేలాడే గడ్డలకి కూడా ఇది అంత మంచిది కాదు.

గడ్డ సంగతి తేలేది ఎమ్మారైలో. ఖర్చని కొందరు వెనకాడతారు గానీ, నా మాటగా చెప్పాలంటే, మిగతా ఎక్కడైనా పొదుపు చేయండి గానీ ఎమ్మారై దగ్గర వద్దు. మామూలు స్కానింగ్‌లో గడ్డలా కనపడేది ఒక్కోసారి ఎడినోమయోసిస్ అయ్యుంటుంది, అంటే సంచి గోడే దళసరెక్కడం. గడ్డ ఎక్కడుంది, ఎన్ని ఉన్నాయి, దానికి రక్తం అందుతోందా, ఇప్పటికే ఎండిపోయిందా అన్నవి కాంట్రాస్టు మందు ఎక్కించి తీసిన ఎమ్మారైలో కనపడతాయి. ఎండిపోయిన గడ్డకి మళ్లీ రక్తం ఆపేదేముంది?

రేడియాలజిస్టుని అడగాల్సినవి

రేడియాలజిస్టులందరూ ఈ పని చెయ్యరు. స్కానింగ్ చదివే ఎండీ తర్వాత ఇంటర్వెన్షన్‌లో డీఎమ్మో, డీఆర్‌ఎన్‌బీయో, ఫెలోషిప్పో చేసినవాళ్లని వెతకండి. గడ్డలకి ఎన్నాళ్లుగా చేస్తున్నారో మొహమాటం లేకుండా అడగండి, అడిగితే తప్పుపట్టే డాక్టర్లని నేనైతే చూడలేదు. నన్నడిగితే ఇంకో ప్రశ్న అంతకన్నా ముఖ్యం: "మొదటి రాత్రి నొప్పికి ఏం చేస్తారు సార్?" దీనికి వివరంగా జవాబు చెప్పే డాక్టరు దగ్గరికే వెళ్లండి. ఇంటికెళ్లాక రాత్రిపూట జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో, గైనకాలజిస్టు కూడా చూస్తారో లేదో కనుక్కోండి.

డబ్బుల దగ్గర "ప్యాకేజీ ఎంత" అని ఊరుకోవద్దు. మైక్రో క్యాథెటర్ (బాగా సన్నటి గొట్టం) అందులో ఉందా, పూసల సీసాలు ఎన్ని లెక్కేశారు, పెద్ద గడ్డలైతే ఎక్కువ పడతాయి కదా, ఆ తేడా ఎవరిది, ఎమ్మారై విడిగానా? ఇవి కాగితం మీద రాయించుకోండి. బీమా ఉంటే ప్రీ ఆథరైజేషన్, అంటే బీమా కంపెనీ అనుమతి, ముందుగానే పెట్టించాలి. బీమా డెస్కువాళ్లు ఎంబొలైజేషన్ అనగానే తెల్లమొహం వేస్తే డాక్టరు గారి ఉత్తరం జత చేయించండి.

వెళ్లేముందు

క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే రక్తనాళాలు ఎక్స్‌రేలో కనపడడానికి వాడే డై కిడ్నీల మీదుగా బయటికి పోవాలి. రక్తం పల్చబడే మందులు, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. ఇంతకుముందు సీటీ స్కాన్ డై పడకపోతే గట్టిగా చెప్పండి. గడ్డ చిన్నబడడానికి నెలనెలా ఇంజెక్షన్ చేయించుకున్నా చెప్పాలి. ఆ ఇంజెక్షన్‌తో రక్తనాళాలు సన్నబడతాయి, కొన్నాళ్లు ఆగమంటారు. కాపర్ టీ ఉంటే అదీ చెప్పాలి. రక్తం బాగా తక్కువుంటే ఐరన్ ఎక్కించి పిలుస్తారు.

గాజులు, నల్లపూసలు, మెట్టెలు ఇంట్లోనే తీసేసి రండి. మంగళసూత్రం తియ్యనంటే మేం బలవంతపెట్టం, పసుపుతాడు మీదికి మార్చుకుని రమ్మంటాం. ఎక్స్‌రేలో అడ్డొచ్చేది బంగారమే గానీ తాడు కాదు.

ఆ రోజు

క్యాథ్ ల్యాబ్ చల్లగా ఉంటుంది, టేబుల్ ఇరుగ్గా ఉంటుంది. సీసపు ఏప్రన్లు వేసుకున్న మమ్మల్ని చూసి చాలామంది బెదురుతారు. అది ఎక్స్‌రే నుంచి మా రక్షణకి, అంతే. మూత్రానికి గొట్టం వేస్తాం. కుడి గజ్జల్లోనో, ఎడమ మణికట్టు దగ్గరో తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. చురుక్కుమనేది అదొక్కటే. పూర్తి మత్తు సాధారణంగా ఉండదు, నిద్రమత్తుగా ఉండేలా మందిస్తారు. మేం పిలిస్తే పలుకుతారు.

సూది, దాని గుండా వైరు, వైరు మీదుగా గొట్టం. స్వీడన్‌లో సెల్డింగర్ 1953లో చెప్పిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. గొట్టం మందం 5 ఫ్రెంచి, అంటే 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. డై ఎక్కిస్తే పొత్తికడుపులో వేడిగా పాకుతుంది, మూత్రం పోయిందేమో అని కంగారుపడతారు, ఏం పోదు. "ఊపిరి బిగపట్టండమ్మా" అన్నప్పుడు కదలకుండా ఉంటే చాలు, బొమ్మ చెదరదు. తెర మీద గడ్డ చుట్టూ రక్తనాళాలు చిక్కుపడ్డ దారంలా నల్లగా కనపడతాయి. పూసలు కొంచెం కొంచెంగా వదులుతూ డాక్టరు గారు మళ్లీ మళ్లీ డై వేసి చూస్తారు. మొదట డై రివ్వున పోతుంది. తర్వాత నెమ్మదిస్తుంది. చివరికి నాలుగైదు గుండెచప్పుళ్ల పాటు రక్తనాళంలో అలా నిలబడిపోతుంది. మానిటర్ వైపు నిలబడి ఆ చప్పుళ్లు నేనూ లెక్కపెడతాను. ఆ వైపు అయిందన్నమాట. తర్వాత రెండో వైపు.

ఆ రాత్రి

"కుట్లు లేవు, కోత లేదు, నొప్పుండదంట" అని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మొద్దు. రక్తం ఆగిన కండ నొప్పి పుడుతుంది. కొన్ని గంటల్లోనే మొదలై మొదటి రాత్రి బాగా ఉంటుంది, కాన్పు నొప్పుల్లా ఉందని కొందరు నా చెయ్యి పట్టుకున్నారు. అందుకే మందు ముందుగానే మొదలెట్టాలి. నొక్కితే మందెక్కే పంపు కొన్నిచోట్ల ఇస్తారు, నొప్పి తెచ్చే నరాలకి బ్లాక్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. భరించి చూద్దాంలే అని పళ్లు బిగపట్టకండి. పెరిగిన తర్వాత తగ్గించడం కష్టం, నొప్పి పదికి ఆరు అనిపించగానే బెల్ కొట్టండి. పక్కనుండే తల్లో, చెల్లెలో ఈ సంగతి ముందే తెలుసుకుంటే వాళ్లూ బెంబేలెత్తరు.

గజ్జల్లో చేసి ఉంటే 4 నుంచి 6 గంటలు ఆ కాలు ముడవకూడదు. దగ్గినా తుమ్మినా అక్కడ చేత్తో అదిమిపట్టుకోవాలి. మామూలుగా మర్నాడో, ఆ పైరోజో పంపిస్తారు.

ఇంటికొచ్చాక

వారం దాకా ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం, వికారం, నీరసం ఉండొచ్చు. ఎంబొలైజేషన్ తర్వాత వచ్చేదే అది. నొప్పి మందులకి మలబద్ధకం పడుతుంది, నీళ్లూ మజ్జిగా బాగా తాగండి. గ్యాస్ బండ, నీళ్ల బిందె ఎత్తొద్దు. వారం, పది రోజుల్లో ఆఫీసుకి వెళ్లేవాళ్లే ఎక్కువ. కొన్ని వారాలు కొంచెం ద్రవం పోవచ్చు, దానికి ప్యాడే వాడండి.

భయపడాల్సింది దేనికంటే, వారం దాటాక 101 పైన జ్వరం, కుళ్లు వాసనతో ద్రవం, తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం. సంచి లోపలి వైపున్న గడ్డ విడిపోయి కొన్ని వారాలకో నెలలకో బయటికి రావచ్చు, అది మధ్యలో ఇరుక్కుని చీము పట్టిందంటే ఆలస్యం పనికిరాదు. పంక్చర్ చేసిన చోట వాపు పెరిగినా, కాలు చల్లబడి మొద్దుబారినా అప్పటికప్పుడు ఆస్పత్రికి రండి. ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ వేయించుకుని కాలం గడపొద్దు.

నెలసరి మొదటి రెండు మూడుసార్లు అటూఇటూగా వస్తుంది. 45 దాటినవాళ్లలో కొందరికి ఇక రాకుండానూ పోవచ్చు, చిన్నవాళ్లలో ఇది తక్కువ. రక్తం పోవడం ముందు తగ్గుతుంది, బరువు, మూత్రం బాధ నెమ్మదిగా తగ్గుతాయి. గడ్డ మాయం కాదు, నెలలు గడిచేకొద్దీ సగానికి అటూఇటూగా కుంచించుకుపోతుంది. "అయిపోయింది కదా సిస్టర్, ఇంకా స్కానింగ్‌లో గడ్డుందంటున్నారేంటి" అని ఫోన్లు చేస్తుంటారు. ఉంటుంది. చచ్చిపోయిన గడ్డా గడ్డే. అది చచ్చిందో లేదో మూడు నుంచి ఆరు నెలల మధ్య తీసే ఎమ్మారై చెప్తుంది.

అందరికీ ఇదే ఆఖరి వైద్యం అవుతుందని కూడా అనుకోవద్దు. నెదర్లాండ్స్‌లో ఎమ్మీ అనే ట్రయల్‌లో, గర్భసంచి తీయాల్సిన ఆడవాళ్లనే తీసుకుని ఎంబొలైజేషన్ చేసి పదేళ్లు గమనించారు. మూడింట రెండొంతుల మందికి సంచి తీసే అవసరం రాలేదు, మిగతావాళ్లకి వచ్చింది. ఒక్కోసారి అండాశయం వైపు నుంచి గడ్డకి రక్తం అందుతూ ఉంటుంది. అప్పుడు మళ్లీ ఎంబొలైజేషనో, ఆపరేషనో చెయ్యొచ్చు. ఒకసారి ఇది చేయించుకున్నారని ఆపరేషన్ దారి మూసుకుపోదు. అందుకే ఎమ్మారై సీడీలు, డిశ్చార్జి కాగితం, ఏ సైజు పూసలు ఎన్ని సీసాలు వాడారో రాసిన ప్రొసీజర్ నోటు అడిగి తీసుకుని ఒకే కవర్లో పెట్టుకోండి. మళ్లీ రక్తం ఎక్కువైతే ఏ ఊళ్లో ఏ డాక్టరుకి చూపించినా ఆ కవరు తీసుకెళ్లండి.