తెలుగుకు మార్చగానే షార్ట్‌కట్లు పనిచేయడం మానేస్తున్నాయా?

బెంగళూరు మారతహళ్లి వైపు మన తెలుగు డెవలపర్లు పనిచేసే ఆఫీసుల్లో వెబ్‌పేజీ కీబోర్డు షార్ట్‌కట్ల గురించి ఇలాంటి టికెట్ (ఫిర్యాదు) ఒకటి వస్తుంటుంది: "స్లాష్ నొక్కితే సెర్చ్ బాక్సు తెరుచుకోవట్లేదు." డెవలపర్ తన లాప్‌టాప్‌లో నొక్కి చూస్తాడు, బ్రహ్మాండంగా తెరుచుకుంటుంది. "మా దగ్గర బాగానే ఉంది" అని రాసి టికెట్ మూసేస్తాడు. అలా మూసే ముందు అవతలివాళ్ల టాస్క్‌బార్‌లో ఏ భాష ఉందో అడగాలి.

కారణం: అవతల ఉన్నది తెలుగు ఇన్‌స్క్రిప్ట్, అంటే ఒక్కో మీటకు ఒక్కో తెలుగు అక్షరం ఉండే లేఅవుట్. అందులో స్లాష్ కీ నొక్కితే 'య' పడుతుంది, కే నొక్కితే 'క'. మీట నొక్కినప్పుడు బ్రౌజర్ మీ కోడ్‌కు ఇచ్చే ఈవెంట్.కీ విలువను అది స్లాష్‌తో పోల్చి చూస్తోంది, అక్కడికి వచ్చింది 'య'. ఇక కుదరదు కదా. బ్రౌజర్ కన్సోల్‌లో ఈవెంట్.కీ, ఈవెంట్.కోడ్ రెండూ ప్రింట్ చేయిస్తే విషయం తేలిపోతుంది. మొదటిది పడే అక్షరం, రెండోది కీబోర్డు మీద ఆ మీట ఉన్న చోటు. భాష మారినా చోటు మారదు.

పరిష్కారం: అలాగని అన్నిటికీ ఈవెంట్.కోడ్ పెట్టేయకండి. జర్మన్ కీబోర్డులో వై, జెడ్ చోట్లు తారుమారుగా ఉంటాయి. చోటు మాత్రమే చూస్తే, అక్కడి క్లయింటు అన్‌డూ కోసం జెడ్ నొక్కినప్పుడు ఇంకేదో జరుగుతుంది. ముందు ఈవెంట్.కీ చూడండి, అందులో ఇంగ్లీషేతర అక్షరం ఉంటేనే ఈవెంట్.కోడ్ చూడండి. నాకు నచ్చిన పద్ధతి ఇదే.

ఫొనెటిక్‌లో, అంటే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ల తిప్పలు వేరు. సూచనల్లోంచి పదం ఎంచుకుందామని ఎంటర్ కొడితే ఫారం సబ్మిట్ అయిపోతుంది. పదం ఇంకా కూర్పులోనే ఉందని, అంటే ఖరారు కాలేదని, మీటలను అందుకునే మీ హ్యాండ్లర్‌కు తెలియదు. ఈవెంట్.ఈజ్‌కంపోజింగ్ నిజమైతే ఏమీ చేయకుండా వెనక్కి రావాలి. సఫారీలో కూర్పు ముగిశాక ఆ ఎంటర్ తాలూకు కీడౌన్ (మీట నొక్కిన ఈవెంట్) రావచ్చు, అందుకే కీకోడ్ (మీటకు ఉండే పాత అంకె) 229 అవునో కాదో కూడా చూడాలి. కూర్పులో నొక్కిన మీటకు వచ్చే అంకె అదే. కీకోడ్ పాతబడిందనీ వాడొద్దనీ అంటారు, నిజమే. అయినా ఇక్కడ దాంతో పని తప్పదు.

కంట్రోల్+టి, కంట్రోల్+డబ్ల్యూ మీద ఆశ వదులుకోండి. క్రోమ్ మామూలు ట్యాబ్‌లో వాటిని పేజీకి ఇవ్వదు. కంట్రోల్+ఎస్, కంట్రోల్+కే అయితే బ్రౌజర్ సొంత పనిని ఆపే ప్రివెంట్‌డీఫాల్ట్‌తో తీసుకోవచ్చు.

కంట్రోల్+ఆల్ట్ జోలికి మాత్రం పోవద్దు. విండోస్‌లో అది ఆల్ట్‌జీఆర్‌తో (అదనపు గుర్తులు కొట్టే కుడి ఆల్ట్ మీటతో) సమానం. ఇంగ్లీష్-ఇండియా లేఅవుట్‌లో దానికి 4 కలిపితే ₹ గుర్తు పడాలి. మీ షార్ట్‌కట్ అక్కడే కాపు కాస్తే బిల్లులు కొట్టేవాళ్లకు రూపాయి గుర్తు రాదు.

ఇవన్నీ సరిచూసినా కొన్ని చోట్ల షార్ట్‌కట్ పలకకపోతే కర్సర్ ఐఫ్రేమ్‌లో (పేజీలో పొదిగిన మరో పేజీలో) ఉందేమో చూడండి. అందులో నొక్కిన మీటలు బయటి పేజీకి చేరవు. ఐఫ్రేమ్ మీదే అయితే లోపల మీటలను వినే ఇంకో లిజనర్ పెట్టి, పేజీల మధ్య కబురు పంపే పోస్ట్‌మెసేజ్‌తో బయటికి పంపండి.