పరదేశంలోని పిల్లల హోంలో పరిచర్య: వాలంటీరు దినచర్యను ఎలా మలచుకోవాలి

పరదేశంలోని పిల్లల హోంలో కొన్ని నెలలు పరిచర్య చేయడానికి సిద్ధపడుతున్న క్రైస్తవ వాలంటీరు అన్నిటికంటే ముందు మనసులో స్థిరపరచుకోవలసిన విషయం ఒకటుంది: ఆ పిల్లల జీవితంలో తల్లి స్థానం గానీ తండ్రి స్థానం గానీ మనది కాదు. ఏళ్ల తరబడి వారిని పొద్దున్నే నిద్రలేపి, తల దువ్వి, జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చునే సంరక్షకురాలు అక్కడ ఉంటుంది. మనం తిరిగి వచ్చేశాక కూడా ఆమె అక్కడే ఉంటుంది. ఆమె చేతిలోని పనిలో కొంత మనం అందుకుంటే ఆమెకు పిల్లల దగ్గర కూర్చునే తీరిక దొరుకుతుంది. ఏది మన పని, ఏది కాదు అన్న సందేహం వచ్చిన ప్రతిసారీ దీనినే కొలతగా పెట్టుకోవాలి.

హోంను ఎంచుకోవడంలో తొందర పనికిరాదు. దిక్కులేని పిల్లలను వారి ఇబ్బందిలో పరామర్శించడాన్ని యాకోబు పత్రిక 1:27 నిజమైన భక్తిగా చెబుతుంది కనుక, హోం అన్న మాట వినగానే విశ్వాసి మనసు కరుగుతుంది. అయితే అక్కడున్నవారంతా తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలే అనుకోవడం పొరపాటు. సంస్థల్లో పెరుగుతున్న పిల్లల్లో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లి గానీ తండ్రి గానీ బ్రతికే ఉన్నారని సేవ్ ది చిల్డ్రన్ సంస్థ 2009లో ప్రచురించిన నివేదిక తెలిపింది. అదే సంవత్సరం డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన, తల్లిదండ్రుల దగ్గర లేని పిల్లల ప్రత్యామ్నాయ సంరక్షణ గురించిన మార్గదర్శకాలు, పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను కుటుంబం నుంచి వేరు చేయకూడదని స్పష్టం చేశాయి. కాబట్టి దరఖాస్తు చేయడానికి ముందే హోంకు ప్రభుత్వ అనుమతి ఉందా, పిల్లలు ఎవరి ఆదేశంతో అక్కడికి వచ్చారు, వారిని సొంతవాళ్లతో మళ్లీ కలిపే ప్రయత్నం జరుగుతోందా, బాలల రక్షణ నియమాలు రాతపూర్వకంగా ఉన్నాయా అని అడగాలి. పోలీసు ధ్రువపత్రం అడగకుండానే మనల్ని రమ్మనే హోంకు వెళ్లకపోవడమే మేలు, ఎందుకంటే మనల్ని అడగనివారు మరెవరినీ అడిగి ఉండరు. విరాళాలు రాబట్టడం కోసమే పిల్లలను ఇళ్ల నుంచి రప్పించిన హోంలు కొన్ని దేశాల్లో బయటపడ్డాయి. అటువంటి చోట మన మంచి ఉద్దేశమే వారి వ్యాపారానికి పెట్టుబడి అవుతుంది.

ప్రయాణ పత్రాల విషయంలో ఒక్క జాగ్రత్త చాలు: జీతం లేని సేవ అయినా పర్యాటక వీసా మీద చేయడానికి చాలా దేశాలు ఒప్పుకోవు, కనుక ఆ దేశపు రాయబార కార్యాలయాన్నే అడిగి తేల్చుకోవాలి. తట్టు, హెపటైటిస్, టైఫాయిడ్ టీకాల గురించి, క్షయ పరీక్ష గురించి కనీసం ఆరు వారాల ముందు వైద్యుణ్ణి కలవాలి. ఈ పరీక్షలు మన క్షేమం కోసం మాత్రమే కావు, మన నుంచి పిల్లలకు ఏ రోగమూ అంటకుండా ఉండడం కోసం కూడా.

హోంలో రోజు చాలా పెందలాడే మొదలవుతుంది. వ్యక్తిగత ప్రార్థన, వాక్య ధ్యానం పిల్లలు లేవకముందే ముగించుకోవాలి; పిల్లలు లేచాక తలుపు వేసుకుని ధ్యానంలో కూర్చునే వాలంటీరు వల్ల ఆ గంట భారమంతా సంరక్షకురాలి మీద పడుతుంది. నిద్రలేపడం, స్నానాలు, బడి బట్టలు, అల్పాహారం అన్నీ ఒకదాని వెనుక ఒకటి సాగే ఆ సమయంలో కొత్తగా వచ్చినవారు సొంత పద్ధతులు ప్రవేశపెట్టకూడదు. మొదటి వారం చూసి నేర్చుకోవడానికే కేటాయించాలి: ఏ బిడ్డ ఏ గిన్నెలో తింటుంది, ఎవరికి ఏ ఆహారం పడదు, ఎవరిని మెల్లగా పిలిస్తే లేస్తారు అన్నవి సంరక్షకురాలికి కంఠస్థంగా తెలిసినా కాగితం మీద ఎక్కడా ఉండవు. ప్రతి బిడ్డ పేరునూ అక్కడివారు పలికే తీరులోనే పలకడం నేర్చుకోవాలి. నొప్పి, ఆకలి, దాహం, భయం, వద్దు, చాలు అన్న మాటలు వారి భాషలో వెళ్లకముందే వచ్చి ఉండాలి.

పిల్లలు బడికి వెళ్లాక మిగిలే గంటలు ఎవరి కంటా పడని పనులవి. బట్టలు ఉతకడం, చిరుగులు కుట్టడం, కూరగాయలు తరగడం, మరుగుదొడ్లు కడగడం, పక్కబట్టలు ఎండలో వేయడం వంటి వాటిలోనే వాలంటీరు ఎక్కువగా ఉపయోగపడతాడని నేను నమ్ముతున్నాను. గజ్జి, పేలు ఒక బిడ్డకు వస్తే వారంలో అందరికీ పాకుతాయి కనుక మందు ఒక్కరికే కాకుండా కలిసి పడుకునేవారందరికీ ఒకేసారి వేయవలసి వస్తుంది, అదే రోజు వారి బట్టలనూ దుప్పట్లనూ వేడినీళ్లలో ఉతకాలి. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓఆర్ఎస్ ప్యాకెట్టు వెంటనే దొరకకపోతే, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో సమంగా కొలిచి కలిపి కొద్దికొద్దిగా తాగించవచ్చు. మిగతా మందుల జోలికి మాత్రం వెళ్లకూడదు; అవి హోం నర్సు చేతి మీదుగానే బిడ్డకు అందాలి, ఇచ్చిన వేళ పుస్తకంలో రాయాలి.

సాయంత్రం పిల్లలు తిరిగి రాగానే ఇల్లు మారిపోతుంది. వచ్చిన మొదటి రోజే పరుగున వచ్చి మెడకు చుట్టుకునే పసివాణ్ణి చూసి, నన్ను ఎంతగా ప్రేమిస్తున్నాడో అని మురిసిపోవడం సహజమే కానీ, ముక్కూ మొహం తెలియనివారి ఒడిలో తేలికగా వాలిపోవడం చాలాసార్లు నిలకడైన మనిషి దొరకని బిడ్డ లక్షణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో రాసిన నివేదిక, బిడ్డకు తల్లితో గానీ తల్లి స్థానంలో శాశ్వతంగా ఉండే వ్యక్తితో గానీ ఎడతెగని ఆత్మీయ బంధం అవసరమని చెప్పింది. ఆ తర్వాత 2000 సంవత్సరంలో రుమేనియా రాజధాని బుకారెస్ట్ నగరంలో మొదలైన పరిశోధనలో, సంస్థల్లో ఉండిపోయిన పిల్లలకంటే పెంపుడు కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల ఎదుగుదల మెరుగ్గా ఉన్నట్టు తేలింది. అందుచేత అలా వచ్చిన బిడ్డను తోసివేయకుండా, పక్కన కూర్చోబెట్టుకుని పలకరించి, దెబ్బ తగిలినా ఏడుపు వచ్చినా సంరక్షకురాలి దగ్గరకే నడిపించాలి. దిండు కింద రొట్టెముక్క దాచుకునే బిడ్డను దొంగ అనకూడదు. రేపు తిండి ఉంటుందన్న నమ్మకం ఆ బిడ్డకు ఇంకా కలగలేదని గ్రహించి సంరక్షకురాలికి చెప్పాలి. హోంవర్కు దగ్గర జవాబు చెప్పేయకుండా పక్కన ఉండడం, ఆటలో పిల్లలు పెట్టిన నియమాలకు లోబడడం చాలు.

బాలల రక్షణ నియమాలను అవమానంగా భావించే వాలంటీర్లను నేను చూశాను. దేవుని పిలుపు మీద వచ్చిన మమ్మల్ని అనుమానిస్తారా అని వారు బాధపడతారు. కానీ చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచేవాని గురించి ప్రభువు పలికిన కఠినమైన మాట మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉంది, దాన్ని చదివినవారు ఈ నియమాలను సంతోషంగా పాటించాలి. మూసిన గదిలో ఒక బిడ్డతో ఒంటరిగా ఉండకూడదు. స్నానం, బట్టలు మార్చడం సంరక్షకురాలు అప్పగిస్తే తప్ప చేయకూడదు, చేసినప్పుడు మరొక పెద్దమనిషి కనుచూపులో ఉండాలి. కౌగిలింత బిడ్డ కోరితేనే, అదీ నలుగురి ఎదుటే జరగాలి. చెయ్యెత్తడం, భయపెట్టడం, అన్నం మానిపించడం ఏ పరిస్థితిలోనూ తగదు. ఏ బిడ్డయినా తనకు జరిగిన హాని గురించి చెబితే ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. తరచి తరచి ప్రశ్నించకుండా శాంతంగా విని, బిడ్డ మాటలనే రాసుకుని, బాలల రక్షణ బాధ్యుడికి అదే రోజు అందజేయాలి. ఫిర్యాదు ఆ బాధ్యుడి మీదే అయితే హోం బయటి ప్రభుత్వ అధికారిని సంప్రదించాలి.

రాత్రి కుటుంబ ప్రార్థన రోజులో అందరం కలిసి కూర్చునే సమయం. పాటలు పిల్లల భాషలోనివే అయి ఉండాలి, వాక్యం పది నిమిషాలకు మించకూడదు. మోకరించమని, సాక్ష్యం చెప్పమని, బాప్తిస్మం తీసుకోమని ఏ బిడ్డనూ ఒత్తిడి చేయకూడదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 14వ అధికరణం బిడ్డకు మనస్సాక్షి, మత స్వేచ్ఛను గుర్తించడమే కాకుండా, ఆ విషయంలో దారి చూపే తల్లిదండ్రుల హక్కునూ గుర్తిస్తుంది. వేరే మతంలో ఉన్న తల్లి బ్రతికే ఉన్న బిడ్డ విషయంలో ఇది మరింత ముఖ్యం. అన్నానికీ బట్టకూ మన మీద ఆధారపడిన బిడ్డ పలికే ఆమేన్ ఎంతవరకు స్వేచ్ఛగా పలికినదో మనం ఎప్పటికీ తెలుసుకోలేము. నిద్రించే ముందు పిల్లలు తమంతట తాము అడిగే ప్రశ్నలకు నిజాయితీగా జవాబివ్వడంలోనే మన సువార్త ఉంటుంది. పక్క తడిపిన బిడ్డకు తెల్లవారకముందే ఎవరికీ తెలియకుండా దుప్పటి మార్చడం కూడా సాక్ష్యమే.

వారానికి ఒక పూర్తి రోజు హోం వెలుపల విశ్రాంతి తీసుకోవాలి, ఎందుకంటే అలసిన మనిషి మాటలో కరుకుదనం మొదట పిల్లలకే తగులుతుంది. సంఘానికి రాసే ప్రార్థన లేఖల్లో పిల్లల పేర్లు, ముఖాలు, గత చరిత్రలు ఉండకూడదు. చదవబోయేవారు ఎంత భక్తిపరులైనా ఆ కథ బిడ్డదే. కానుకలు కార్యాలయం ద్వారా అందరికీ చెందేలా ఇవ్వాలి. నేను ఒకసారి ఒక్క పాపకు మాత్రమే రంగు పెన్సిళ్లు ఇచ్చాను, ఆ రాత్రి గదిలోని మిగతా పిల్లలు ఆమెతో మాట్లాడలేదు.

వెళ్లిపోయే తేదీని మొదటి రోజే పిల్లలకు చెప్పాలి, చివరి రెండు వారాలు గోడ మీది క్యాలెండరులో వారితో కలిసి రోజులు కొట్టివేయాలి. బాధ కలుగుతుందని నిద్రలో ఉండగా జారుకుంటే, మనుషులు చెప్పకుండా మాయమవుతారన్న పాఠమే వారికి మరోసారి అందుతుంది. మళ్లీ వస్తానని, టికెట్టు చేతిలో ఉంటే తప్ప, అనకూడదు. పట్టపగలు, సంరక్షకురాలు పక్కన ఉండగా, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి సెలవు తీసుకోవాలి. ఆ తర్వాత రాసే ఉత్తరాలు హోం కార్యాలయం ద్వారానే వెళ్లాలి, వాటిలో పిల్లలందరి పేర్లూ ఉండాలి.