అక్టోబరు రాకముందే: చోళమండల తీరంలో తెరచాప ఓడ కెప్టెన్ తీసుకోవాల్సిన జాగ్రత్తలు

18వ శతాబ్దం. మద్రాసు ఎదుట లంగరు వేసిన బ్రిటిష్ యుద్ధనౌకకు మీరే కెప్టెన్ అనుకోండి. సెప్టెంబరు అయిపోతోంది. ముందుగా చూసుకోవాల్సింది తాళ్లు కాదు, తారీఖు. అక్టోబరు మధ్యకల్లా ఇక్కడి నుంచి బయలుదేరిపోవాలి.

అప్పటి మద్రాసుకు హార్బర్ లేదు. ఓడలన్నీ ఆరుబయట సముద్రంలోనే నిలబడేవి. మనుషులైనా సరుకులైనా కొబ్బరిపీచు తాడుతో కుట్టిన మసులా పడవల్లో కెరటాలు దాటి ఒడ్డుకు చేరాల్సిందే. నైరుతి గాలి పోయి ఈశాన్య గాలి మొదలైతే ఓడను ఒడ్డు మీదికే తోస్తుంది. తెరచాప ఓడ గాలికి నేరుగా ఎదురు వెళ్లలేదు. అందుకే ఆ నెలల్లో ఇక్కడ ఆగడమంటే నాకు తలచుకుంటేనే గుండె దడ. 1746లో ఫ్రెంచి సేనాని లా బూర్డొన్నే మద్రాసును గెలిచాడు గానీ అక్టోబరులోకి వచ్చాక కూడా అక్కడే ఉండిపోయాడు. 13వ తేదీ రాత్రి వచ్చిన తుపానులో ఆయన ఓడలు కొన్ని మునిగిపోయాయి, మిగిలినవి బాగా దెబ్బతిన్నాయి.

వెళ్లాల్సింది బొంబాయికి. రిపేరుకు డ్రై డాక్, అంటే నీళ్లు తోడేసి ఓడ అడుగు బాగుచేసే రేవు, అక్కడే ఉంది. నది మూతిలో దాక్కుంటే చాలనుకోకండి. 1789 డిసెంబరులో గోదావరి మూతి దగ్గరి కోరంగిని మూడు పెద్ద కెరటాలు వరసగా ముంచేశాయి.

యుద్ధం వల్లో, పై అధికారి ఆజ్ఞ వల్లో ఉండక తప్పకపోతే, మంచినీళ్లు ముందే నింపుకోండి. కెరటాలు లేస్తే పడవ రాదు. రాత్రిపూట మనుషులెవరినీ ఒడ్డున ఉంచకండి. తెరచాప స్తంభాల పై కొయ్యలు దించి డెక్ మీద కట్టేయండి, ఫిరంగులకు రెండో కట్టు వేయండి. గాలి లేకుండానే తూర్పు నుంచి పొడుగాటి అలలు వస్తున్నాయంటే ఇక ఆలోచించకుండా నడిసముద్రంలోకి బయలుదేరండి.

అన్నిటికంటే కష్టమైనది, లంగరు ఎత్తే టైము లేనప్పుడు దాని మోకు నరికేయమని చెప్పడం. లంగరు ఖరీదైనది, పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలనే టెన్షన్ ఉంటుంది. కానీ ఓడ పోతే, బతికి బయటపడ్డ కెప్టెన్ కోర్టు మార్షల్ (సైనిక విచారణ) ముందు నిలబడాలి. ఏళ్ల తరబడి సముద్రం మీద పనిచేసి, లెఫ్టినెంట్ పరీక్ష గట్టెక్కి సంపాదించుకున్న హోదా ఒక్క రాత్రిలో పోవచ్చు. అంతకంటే ముందు, వందల ప్రాణాలు. 1761 జనవరి 1 నాటి తుపానులో, ఫ్రెంచివాళ్ల పాండిచ్చేరిని ముట్టడిస్తున్న బ్రిటిష్ అడ్మిరల్ స్టీవెన్స్ తన నార్ఫోక్ ఓడ మోకు నరికించి నడిసముద్రంలోకి వెళ్లి బతికాడు. ఆయన దళంలోని సండర్లాండ్ ఓడ దాదాపు అందరితో సహా మునిగింది. న్యూకాసిల్, క్వీన్‌బరో ఓడలు ఒడ్డుకు కొట్టుకుపోయాయి.

కాబట్టి గొడ్డలి మోకు పక్కనే ఉంచండి. ఎవరు నరకాలో పగలే చెప్పి ఉంచండి. లంగరుకు తేలే బోయా ఒకటి కట్టి ఉంచితే, గాలి తగ్గాక వచ్చి దాన్ని వెతికి తీసుకోవచ్చు.