ముందు ట్యాంకు మూత తీసి వినండి: పాత కార్లలో పెట్రోలు వాసన

పెట్రోలు వాసన వస్తోందని బండి తెచ్చేవారిని నేను మొదట అడిగేది ఒకటే: ట్యాంకు మూత ఎప్పుడు మార్చారు? కార్బురేటర్ విప్పించామంటారు, పంపు కొత్తదంటారు, ఒకాయన ఏకంగా ట్యాంకే దించి కడిగించానన్నారు. మూత మార్చిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు ఇంకా తిరుగుతున్న పెట్రోలు అంబాసిడర్లకూ పద్మినీలకూ ఇది రాస్తున్నాను. డీజిల్ బండ్ల గోల వేరు.

వాసన ఎక్కడ, ఎప్పుడు వస్తోందో తేల్చుకోకుండా స్పానర్ పట్టుకోవద్దు. సగం జవాబు అక్కడే ఉంటుంది.

నింపిన రోజే వాసన, మలుపుల్లో మరీ ఎక్కువ

మన సరిహద్దులో ఇది బాగా కనిపిస్తుంది. ఆంధ్రలో కంటే ఒడిశాలో పెట్రోలు లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. అందుకని పాతపట్నం వైపు నుంచి వచ్చినవారు ఇక్కడి బంకులో గొంతు దాకా పోయించుకుంటారు. భూమిలోపలి ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన పెట్రోలు ఒక్కో డిగ్రీ వేడికి దాదాపు వెయ్యో వంతు పెరుగుతుంది. 40 లీటర్లు 20 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరు అదనం. అది ఎక్కడికి పోతుంది? మూత అంచు నుంచి, గాలిగొట్టం నుంచి బయటికే. పెట్రోలు పోసే తుపాకీ (నాజిల్) మొదటిసారి టక్కుమనగానే ఆపించండి. బంకు కుర్రాడు రౌండు మొత్తం చేస్తానన్నా వద్దనండి. రెండు ట్యాంకులు ఇలా నింపి చూశాక కూడా వాసన వస్తే మూత కింది వాషరు మార్చండి.

డిక్కీలో ఎప్పుడూ ఉండే వాసన

పోసే గొంతుకూ ట్యాంకుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం, లేదా ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే గేజీ యూనిట్ కింది గాస్కెట్. ఈ రోజుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. వాటిలో పాతవాటి రబ్బరు ఇంత ఇథనాల్ కోసం చేసింది కాదు. గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది. వంచి చూడండి, సన్నటి పగుళ్లు నోరు తెరుస్తాయి. పగుళ్లు లేకపోయినా గుడ్డతో తుడిచి వాసన చూడండి. గుడ్డకు వాసన అంటితే గొట్టం గోడల గుండా ఆవిరి చెమర్చుతోందన్నమాట. ఇంజన్ వైపు సన్న గొట్టాలకు ఎస్‌ఏఈ జె30 ఆర్9 (పెట్రోలు గొట్టాల ప్రమాణం గుర్తు) అని అచ్చువేసినది అడిగి కొనండి. నీళ్ల గొట్టం ముక్క పెట్టి క్లిప్పు బిగించినవాళ్లను చూశాను, వాళ్ల గురించి మాట్లాడను.

బండి ఆపాక బానెట్ దగ్గర వాసన

వేడి ఇంజన్ ఆపిన ఐదు నిమిషాలు కొంచెం వాసన రావడం పాత కార్బురేటర్‌కు సహజం. బొట్లు పడుతుంటే కార్బురేటర్‌లోకి వచ్చే పెట్రోలును ఆపే నీడిల్ అరిగింది, లేదా ఆ నీడిల్‌ను ఎత్తి పట్టే తేలే బుడ్డి, అంటే ఫ్లోటులోకి పెట్రోలు చేరి మునిగింది. ఇంకో పని చేయండి: ఆయిల్ కొలకర్ర తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చి, ఆయిల్ మట్టం పెరిగి ఉంటే పంపులోని పలుచటి పొర (డయాఫ్రం) చిరిగి పెట్రోలు ఆయిల్లోకి దిగుతోంది. ఆ బండిని ఇక నడపవద్దు.

ఎండలో నిలిపితే వాసన, చల్లటి రాత్రి దారిలో ఆగిపోవడం

అసలు చెప్పాలనుకున్నది ఇదే. ఇవి రెండు జబ్బులనుకుని నేను ఒక ఏడాది, కొన్ని వేల రూపాయలు తగలేశాను.

ఒక శివరాత్రికి మహేంద్రగిరి బయలుదేరాం. పెట్రోలు దొంగతనాల భయంతో అంతకు ముందే తాళం వేసే మూత ఒకటి కొన్నాను. ట్యాంకు నిండుగా ఉంది. ఎక్కుడు మొదలైన కాసేపటికి బండి రెండు దగ్గులు దగ్గి ఆగింది. పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరైందని, అంటే వేపర్ లాక్ అని అందరూ తేల్చారు. పంపు మీద తడిగుడ్డ వేశాం. ఇరవై నిమిషాలకు బండి లేచింది. మళ్లీ ఆగింది, మళ్లీ తడిగుడ్డ. అలా తెల్లవారింది.

తర్వాత పంపు కిట్టు మార్చాను. కార్బురేటర్ కడిగించాను. పంపుకు రేకు అడ్డు కూడా పెట్టాను. మే నెల మిట్టమధ్యాహ్నం బరంపురం వెళ్తే బండి ఎక్కడా ఆగలేదు, నిలిపాక మాత్రం గుప్పున వాసన. జబ్బు నయమైందని సంబరపడ్డాను. వేపర్ లాక్ అయితే ఆగవలసింది ఆ ఎండలోనే, శివరాత్రి చలిలో కాదు. ఆ ఒక్క ముక్క నాకు తట్టలేదు.

మళ్లీ చలికాలంలో ఒక రాత్రి రోడ్డు పక్కన ఆగితే ఒక లారీ డ్రైవరు సాయానికి వచ్చాడు. "బాబూ, ముందు పెట్రోలు ఉందో లేదో చూద్దాం" అని మూత తిప్పాడు. ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. ఆయన నా వైపు చూసి నవ్వి, మూత వదులుగా పెట్టి వెళ్లిపోయాడు. ఇంటిదాకా బండి ఆగలేదు.

జరిగేది ఇది. ఇంజన్ ఒక లీటరు పెట్రోలు తాగితే ట్యాంకులోకి ఒక లీటరు గాలి రావాలి. పాత కార్లలో కొన్నింటికి ఆ దారి మూతలోని చిన్న రంధ్రం, కొన్నింటికి ట్యాంకు పైనుంచి వచ్చే గాలిగొట్టం. నేను కొన్న మూతకు రంధ్రం లేదు, మంచి రబ్బరు వాషరుతో సీసా బిరడాలా బిగుసుకుంది. పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యం పెరిగి పంపు ఇక లాగలేకపోయింది. ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ కాబట్టి ఇంకా త్వరగా ఆగుతుంది. ఎండలో పెట్రోలు ఆవిరి ఆ శూన్యాన్ని నింపేస్తుంది, అందుకే మే నెలలో బండి బాగా నడిచింది. అదే ఆవిరి బండి నిలిపాక ఒత్తిడిగా మారి, పెట్రోలును కార్బురేటర్ వైపు నెట్టి, కొంచెం అరిగిన నీడిల్‌ను దాటించి పొంగిస్తుంది. గేజీ గాస్కెట్ పాతదైతే డిక్కీలోకి కూడా తోస్తుంది.

మరి తడిగుడ్డ ఎలా పనిచేసింది? పనిచేయలేదు. ఆ ఇరవై నిమిషాల్లో సందుల్లోంచి గాలి మెల్లగా ట్యాంకులోకి చేరింది. పేరు గుడ్డకు వచ్చింది. మమ్మల్ని ఏడాది పాటు మోసం చేసింది అదే.

పరీక్ష: బండి ఆగిన క్షణంలోనే, బానెట్ ఎత్తకముందే, మూత తిప్పి వినండి. గాలి లోపలికి పీల్చినా, బయటికి ఊదినా దారి మూసుకుపోయినట్టే. ఆలస్యం చేస్తే శబ్దం వినిపించదు.

మరమ్మతు చేసే ముందు మీ ట్యాంకుకు వేరే గాలిగొట్టం ఉందో లేదో చూడండి. ఉంటే మూతకు రంధ్రం వేయవద్దు. ఆ మూత బిగుతుగానే ఉండాలి, తప్పు గొట్టానిది. నెలల తరబడి షెడ్డులో నిలిపిన బండిలో మట్టి గూడు కట్టే కందిరీగ ఆ గొట్టం నోరు మూసేస్తుంది. రంగు వేసేవాళ్లు అడుగున తుప్పు మందు కొట్టి దాన్నీ కప్పేస్తారు. పాత క్లచ్ వైరు పోగుతో పొడిచి, తర్వాత మూత తీసి ఉంచి మెల్లగా గాలి కొట్టండి. మూత పెట్టి గాలి కొడితే ట్యాంకు ఉబ్బుతుంది. గొట్టం ట్యాంకు పైభాగం కంటే ఎత్తుకు వెళ్లి దిగాలి, లేకపోతే మలుపుల్లో కారుతుంది.

గాలిగొట్టం లేకపోతే రంధ్రమున్న మూత కొనండి. దొరకకపోతే ఉన్నదాన్ని బండికి దూరంగా తీసుకెళ్లి, కడిగి ఆరబెట్టి, లోపలి రేకుకు 1.5 మి.మీ. రంధ్రం ఒకటి, బయటి డొప్పకు ఇంకొకటి వేయండి. రెండూ ఎదురెదురుగా ఉండకూడదు, పెట్రోలు చిమ్ముతుంది. రజను తుడిచి, లోపలి రంధ్రానికి రబ్బరు గొట్టం ఆనించి ఊదండి. గాలి పోవాలి. పాత మూతలో రంధ్రం ఉండి జిగురు పట్టి ఉంటే కడిగితే చాలు.

మిగతావి అరుదు. ట్యాంకు అడుగున తుప్పు రంధ్రమైతే కింద తడి కనిపిస్తుంది, వెతకక్కర్లేదు. ట్యాంకు దించి, తెలిసినవాడి చేత ఆవిరి పోయేలా కడిగించాకే అతికించండి. పంపు దగ్గర ఇత్తడి నట్టు వదులైతే స్పానర్ చాలు. కారు వెనుక అద్దం తెరిచి నడిపితే లోపలికి వచ్చేది సైలెన్సర్ పొగ వాసన, దానికి ట్యాంకును తిట్టి లాభం లేదు.