సైన్స్ డే లేజర్ ప్రయోగానికి ముందు

ఫిబ్రవరి 28 దగ్గరపడింది. ఒంగోలు, కావలి వైపు బళ్లలో లేజర్ వెలుగు సెకనులో ఎన్నిసార్లు ఆరి వెలుగుతుందో చూపించబోయే టీచర్లు ముందు ఇవి చూసుకోండి.

• చవక ఆకుపచ్చ పాయింటర్ వద్దు. కొన్నిటిలోంచి ఇన్‌ఫ్రారెడ్ కూడా వస్తుంది. అది కనపడదు కాబట్టి రెప్ప పడదు, కన్ను దెబ్బతినొచ్చు. 1 మిల్లీవాట్ లోపు ఎరుపుది చాలు. లేబుల్‌ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. కిరణాన్ని పిల్లల కళ్ల ఎత్తులో పెట్టకుండా, గోడవైపు తిప్పి బిగించండి.

• కిరణాన్ని తెంచే చక్రానికి పాత సీడీ వాడకండి. నేను ఒకసారి వాడితే చుక్క ఎగిరి ముందు బెంచీ మీద పడింది. చిన్న ఫ్యాన్‌కి నల్లట్ట కత్తిరించి అతికించండి.

• వెలుగును పసిగట్టడానికి ఎల్‌డీఆర్ (వెలుగు పడితే నిరోధం తగ్గే రెసిస్టర్) బదులు ఫొటోడయోడ్ (వెలుగు పడితే వెంటనే కరెంటు ఇచ్చే భాగం) వాడండి. ఎల్‌డీఆర్ తేరుకోవడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది, చక్రం వేగం పెరిగితే ఫోన్‌లో కనపడే గీత చదునైపోతుంది.

• ట్యూబ్‌లైట్ ఆర్పండి. మన 50 హెర్ట్జ్ కరెంటుకు అది సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. పిల్లలు అదే లేజర్ అనుకుంటారు!

• ఫొటోడయోడ్‌ని ఫోన్ మైక్‌కి నేరుగా కలపకండి. రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించాకే కలపండి. నిలకడ వెలుగు అందులో కనపడదు, మార్పే కనపడుతుంది.