ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ వాడే ముందు, రాసేవాళ్లకి జీతం ఎవరిస్తున్నారో చూసుకోండి

ప్రోడక్ట్‌లోకి కొత్త డేటాబేసో లైబ్రరీయో తెచ్చేముందు మనం చూసేది స్టార్లు, డౌన్‌లోడ్లు, లైసెన్స్, అంతే. కానీ రాసేవాళ్లలో ఎక్కువమంది ఒకే కంపెనీ జీతం మీద ఉంటే అది ఒంటిస్తంభం మేడే. 2020 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా దాదాపు 250 మందిని తీసేసినప్పుడు సర్వో బ్రౌజర్ ఇంజిన్ టీమ్ కూడా పోయింది, కోడ్ ఓపెన్‌గానే ఉంది గానీ రాసేవాళ్లు లేరు, 2023లో ఇగాలియా అనే కంపెనీ వాళ్లు మళ్లీ పట్టుకునేదాకా పని పెద్దగా కదల్లేదు.

అందుకే ముందు రిపో (ప్రాజెక్ట్ కోడ్ అంతా ఉండే చోటు) క్లోన్ చేసి గిట్ షార్ట్‌లాగ్ కొట్టండి, ఎవరు ఎన్ని మార్పులు చేశారో చూపే కమాండ్ అది, పోయిన ఏడాదివి మాత్రమే, మెర్జ్ కమిట్లు (మార్పుల్ని కలిపినట్టు నమోదైనవి) తీసేసి, ఈమెయిల్ కనపడేలా. బాట్లని, అంటే ఆటోమేటిక్ ఖాతాలని, పక్కనపెట్టి మెయిల్ డొమైన్ చూసి కంపెనీవారీగా లెక్కేయండి. జీమెయిల్ ఉంది కదా అని వలంటీర్ అనుకోవద్దు, ఆఫీసు పనిని కూడా సొంత మెయిల్‌తో చేసేవాళ్లు చాలామంది, కాబట్టి పైన ఉన్న పదిమంది ప్రొఫైల్స్ తెరిచి ఎక్కడ పనిచేస్తున్నారో చూడాల్సిందే.

తర్వాత మెర్జ్ చేసే, అంటే మార్పుల్ని అసలు కోడ్‌లో కలిపే హక్కు ఎవరికుందో మెయింటైనర్స్ ఫైల్లో, గవర్నెన్స్ ఫైల్లో వెతకండి. బయటివాళ్ల పుల్ రిక్వెస్టులు (కలపమని పంపిన మార్పులు) కొన్ని తెరిచి రివ్యూకి ఎన్నాళ్లు పట్టిందో కూడా చూడండి. ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ల పద్ధతి నాకు చాలా నచ్చుతుంది, కోర్ టీమ్‌లో సగానికి మించి ఒకే కంపెనీ వాళ్లు ఉండకూడదన్నది వాళ్ల మాట. 2020లో ఈడీబీ అనే కంపెనీ వెళ్లి సెకండ్‌క్వాడ్రెంట్ అనే ఇంకో కంపెనీని కొనేసరికి ఐదుగురిలో ముగ్గురు ఒకే కంపెనీ అయిపోయారు, అప్పుడు వేరే కంపెనీల నుంచి ఇద్దర్ని చేర్చి సరిచేశారు.

ఇక అసలు సంగతి, ప్రాజెక్ట్ పేరు ఎవరిది, కాపీరైట్ ఎవరిది? కోడ్ ఇచ్చేముందు సీఎల్ఏ (కోడ్ ఇచ్చేవాళ్లతో చేసుకునే ఒప్పందం) మీద సంతకం అడిగి, లైసెన్స్ మార్చుకునే హక్కు కంపెనీకి ఇచ్చేలా ఉంటే జాగ్రత్త. లైనక్స్ కెర్నల్లో అలాంటిది లేదు, ఎవరు రాసింది వాళ్లదే, వేలమంది ఒప్పుకోకుండా లైసెన్స్ మార్చడం ఎవరి వల్లా కాదు. సీఎల్ఏ లేకపోయినా బీఎస్‌డీ లాంటి, పెద్దగా షరతులు లేని లైసెన్స్ అయితే తర్వాతి వెర్షన్లని వేరే షరతుల మీద ఇవ్వొచ్చు, రెడిస్ అనే డేటాబేస్‌లో జరిగింది అదే. కోర్ టీమ్‌లో అమెజాన్, అలీబాబా మనుషులు కూడా ఉండేవాళ్లు, అయినా పేరు కంపెనీ చేతిలో ఉంది కాబట్టి 2024 మార్చి 20న లైసెన్స్ మార్చేశారు. కానీ ఆ బయటి మనుషులు ఉండబట్టే వారం దాటగానే, మార్చి 28న, లైనక్స్ ఫౌండేషన్ కింద వాల్కీ అనే వేరే ప్రాజెక్ట్ మొదలైంది, రెడిస్ పాత బీఎస్‌డీ కోడ్, వెర్షన్ 7.2.4 నుంచే. అంటే బయటి కంట్రిబ్యూటర్లు ఉన్నంత మాత్రాన కంపెనీ నిర్ణయం ఆగదు, కానీ ప్రాజెక్ట్ బతకడానికి వాళ్లే కావాలి. నేను ఏ ప్రాజెక్ట్‌లోనైనా వెతికేది ఈ ఒక్కటే, కంపెనీ తప్పుకుంటే ఈ కోడ్ అర్థమైనవాళ్లు బయట ఇద్దరు ముగ్గురైనా మిగులుతారా అని.

మిగలరు అనిపిస్తే వదిలేయమని కాదు. మీ టీమ్‌లో ఒకరికి వారంలో కొన్ని గంటలు దానికే కేటాయించమని మేనేజర్‌ని అడగండి, కొత్త ఫీచర్ల కోసం కాదు, బగ్ రిపోర్టులు తేల్చడానికి, వేరేవాళ్ల ప్యాచ్‌లు రివ్యూ చేయడానికి, ఎందుకంటే కొరత అక్కడే. దాంతోపాటు మీరు వాడే వెర్షన్ సోర్స్ మీ దగ్గర ఒక కాపీ పెట్టుకుని, దాన్నుంచి మీరే బిల్డ్ చేయగలుగుతున్నారో లేదో ఇప్పుడే చూసుకోండి.