పాత సీబీ కార్డుల సేకరణ – 3వ పాఠం: తేదీ లేని కార్డుకు వయసు కట్టడం

సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్, సామాన్యులు మాట్లాడుకునే రేడియో. ఆ రేడియో వాళ్ళు తమ పేరూ సంకేతమూ అచ్చువేయించి ఒకరికొకరు పంపుకున్న కార్డులే మనం సేకరించేవి. కిందటి పాఠం చివర ఒక పని ఇచ్చాను. పది కార్డులు తీసుకుని, ముందువైపు బొమ్మను బట్టి కాకుండా రాసిన రాతను బట్టి వేరు చేయమన్నాను. చేసినవారికి ఈపాటికి ఒక సంగతి తెలిసిపోయి ఉంటుంది. చాలా కార్డుల మీద తేదీ లేదు. తేదీకి అచ్చువేసిన గడి ఉంది. దాని పక్కన సమయానికొకటి, చానెల్‌కొకటి, మాట ఎంత స్పష్టంగా వినిపించిందో రాయడానికొకటి ఉన్నాయి. అన్నీ ఖాళీ.

నాణేలో స్టాంపులో సేకరించి ఇటు వచ్చినవారికి ఇది చిరాకు పుట్టిస్తుంది. నాకు మాత్రం ఈ సరదాలో అసలు రుచి ఇక్కడే మొదలవుతుంది. ఈ వారం ఆ ఖాళీ గడిని మనమే నింపుదాం.

ఖాళీగా ఎందుకు వదిలేశారు?

అమెరికా ప్రభుత్వం 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని చానెళ్ళను సామాన్యుల కోసం తెరిచిందని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. కొట్టు నుంచి సరుకు బండికి, ఇంటి నుంచి పొలంలో ట్రాక్టరుకు నాలుగు అవసరమైన మాటలు చెప్పుకోవడానికని ఇచ్చింది. పరీక్ష లేదు, ఫారం నింపితే లైసెన్సు. జనం దాన్ని కబుర్లకు వాడుకున్నారు. అక్కడ రేడియో వ్యవహారాలు చూసే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు అది నచ్చలేదు. సరదా కబుర్లు కూడదంది, 150 మైళ్ళు దాటి మాట్లాడకూడదని గీత గీసింది. అయితే సూర్యుడి మీద మచ్చలు పెరిగిన ఏళ్ళలో 27 మెగాహెర్ట్జ్ తరంగాలు పై వాతావరణానికి తగిలి తిరిగి ఎక్కడో వేల మైళ్ళ అవతల దిగుతాయి. నాలుగు వాట్ల సెట్టుతో ఒహాయోలో అన్న మాట కాలిఫోర్నియాలో వినపడుతుంది. దీన్నే స్కిప్ అంటారు. అలాంటి గొంతు వినపడితే జవాబివ్వకుండా ఉండటం మానవమాత్రులకు సాధ్యమా?

హామ్ రేడియో వాళ్ళకు, అంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకునే ఔత్సాహికులకు, క్యూఎస్ఎల్ కార్డు అంటే ఫలానా రోజు, ఫలానా వేళ ఇద్దరం మాట్లాడుకున్నామనడానికి రుజువు. అందుకే వాళ్ళ కార్డులో తేదీ తప్పనిసరి. సీబీ మనిషి అదే గడులు నింపి రెండు వేల మైళ్ళ దూరానికి పంపితే, తన తప్పుకు తానే వాంగ్మూలం రాసి సంతకం చేసినట్టు. అందుకని ఖాళీ. ఇంకో కారణం కూడా ఉంది, అది ఇంకా మామూలుది. వీటిలో చాలా కార్డులు గాలిలో ఒక్క మాట కూడా అనుకోకుండానే మార్చుకున్నవి. కార్డులు మార్చుకునే క్లబ్బులు ఉండేవి. సభ్యులకు నంబర్లు, చిరునామాల జాబితాలు ఇచ్చేవి. జాబితా చూసి యాభై కార్డులు పంపితే నలభై తిరిగి వచ్చేవి. వాటికి తేదీ ఎందుకు?

రెండు గోడలు

వయసు కట్టడమంటే ఒక ఏడును పట్టుకోవడం కాదు. కార్డుకు అటొక గోడ, ఇటొక గోడ కట్టి, నడుమ ఎంత చోటు మిగిలిందో చూడటం. మొదటి గోడ ‘అంతకుముందు కాదు’. రెండవది ‘ఆ తరువాత కాదు’. ఈ రెండు గోడలూ సమానమైన గట్టివి కావని మాత్రం గుర్తుంచుకోండి. కొత్తది ఏదైనా కార్డు మీద కనబడితే అది పునాది నుంచి లేచిన రాతిగోడ. ఇంకా పుట్టని సంగతిని ఎవరూ ముందుగా అచ్చు వేయించలేరు. పాతది కనబడితే అది తడిక మాత్రమే. జనం పాత అలవాట్లను ఏళ్ళ తరబడి వదలరు, అచ్చువేయించిన అయిదు వందల కార్డులను అసలే వదలరు.

తపాలా సాక్ష్యం

కార్డు కవరులో కాకుండా నేరుగా పోస్టులో వచ్చి, స్టాంపు మిగిలి ఉంటే మీ అదృష్టం. తపాలా ముద్ర అలుక్కుపోయినా ఛార్జీ మాట్లాడుతుంది. అమెరికాలో పోస్టుకార్డు ఛార్జీ 1958 ఆగస్టులో 3 సెంట్లు అయింది. 1963 జనవరిలో 4, 1968 జనవరిలో 5, 1971 మే నెలలో 6, 1974 మార్చిలో 8. ఆ తరువాత ఒక చిత్రం జరిగింది. 1975 సెప్టెంబరు 14న ఛార్జీ 7కు తగ్గింది, అదే ఏడు డిసెంబరు 31న 9 అయి కూర్చుంది. అంటే 7 సెంట్లతో వెళ్ళిన కార్డుకు మూడున్నర నెలల ఇరుకు గది చాలు. ఈ మొత్తం సరదాలో అంత సన్నటి గది మరొకటి లేదు, అలాంటి కార్డు దొరికితే బొమ్మ ఎంత అనాకారిగా ఉన్నా తీసుకోండి. 1978 మే 29 నుంచి 10 సెంట్లు, 1981 మార్చిలో 12, అదే ఏడు నవంబరులో 13, 1985 ఫిబ్రవరిలో 14.

స్టాంపు మీద అచ్చయిన విలువను మాత్రమే చూసి మోసపోవద్దు. రెండు మూడు స్టాంపులు కలిపి అంటించి ఉండవచ్చు, చేతిలో ఉన్నదేదో ఎక్కువది అంటించి ఉండవచ్చు. మొత్తం కూడండి, తరువాత ఆలోచించండి.

స్టాంపు లేకపోతే చిరునామా ఉంది. ఊరి పేరు తరువాత ఒకటో రెండో అంకెలు వచ్చి, ఆపైన రాష్ట్రం పేరు కుదించి రాసి ఉంటే అది పాత తపాలా మండలాల పద్ధతి. అయిదంకెల జిప్ కోడ్ 1963 జూలై 1న వచ్చింది. ఒహాయోకు ‘ఓహెచ్’ అన్నట్టు రాష్ట్రానికి రెండక్షరాలు రాయడం కూడా ఆ ఏడాదే మొదలైంది, కానీ జనానికి అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. కాబట్టి జిప్ కోడ్ ఉంటే రాతిగోడ. లేకపోతే తడిక.

పిలుపు సంకేతం, ముద్దుపేరు

లైసెన్సుతో పాటు కమిషన్ ఒక సంకేతం ఇచ్చేది. మొదటి ఏళ్ళలో అది అంకెతో మొదలయ్యేది. ముందు కమిషన్ వారి జిల్లా నంబరు, తరువాత ఒక అక్షరం, తరువాత నాలుగంకెలు. జిల్లా 18 అంటే చికాగో, 19 అంటే డెట్రాయిట్. 1960ల తొలినాళ్ళలో ఇది మారి ‘కె’తో మొదలయ్యే మూడక్షరాలు, నాలుగంకెలు అయింది. 1970ల నడుమ జనం ఎగబడి, మూడక్షరాల సంకేతాలు చాలక నాలుగక్షరాలకు వెళ్ళారు. 1973 చమురు కొరత, ఆ తరువాత గంటకు 55 మైళ్ళ వేగ పరిమితి, పోలీసుల జాడ ఒకరికొకరు చెప్పుకునే లారీ డ్రైవర్లు — ఎగబాటుకు ఇవన్నీ కారణాలు. 1975 మార్చిలో లైసెన్సు రుసుమును 20 డాలర్ల నుంచి 4కు దించడం నిప్పు మీద నెయ్యి. 1983లో లైసెన్సే తీసేశారు.

ఇక ముద్దుపేరు, అంటే హ్యాండిల్. దీనికి తేదీ లేదు కానీ నా కంటికి ఒక కొలత ఉంది. సంకేతం బొమ్మంత పెద్దగా, ముద్దుపేరు మూలన చిన్నగా ఉంటే అరవైల వాసన. ముద్దుపేరు నిలువెత్తున నిలబడి, సంకేతం దాని కాళ్ళ దగ్గర ఇరుక్కుంటే డెబ్బైలు. సంకేతమే లేకపోతే, అయితే ఆయన లైసెన్సు తీసుకోలేదు, లేదా కాలం 1983 దాటింది. ఇది ఊహ, గోడ కాదు. గోడల పక్కన దీన్ని పెన్సిల్‌తో రాసుకోండి.

చానెల్ నంబరు

1977 జనవరి 1న 23 చానెళ్ళు 40 అయ్యాయి. కార్డు మీద 24 నుంచి 40 వరకు ఏ నంబరు అచ్చులో కనబడినా అది 1977కు ఇవతలిది. ఇంతవరకు అందరికీ తెలుసు. అందరూ చూడనిది ఒకటి చెబుతాను. కొత్త చానెళ్ళు అన్నీ 23కు పైన రాలేదు. 24, 25 అనేవి నిజానికి 22కూ 23కూ నడుమ ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాయి. ఆ చోటును అంతకుముందే కొందరు దొంగచాటుగా వాడేవారు, ‘22ఏ’, ‘22బీ’ అని పిలిచేవారు. కార్డు మీద ‘22ఏ’ కనబడితే నంబరు ఇంకా పుట్టని కాలపు ధైర్యవంతుడిది అనుకోవచ్చు.

బల్ల మీద ఒక కార్డు

ఒహాయోలో జీనియా దగ్గర ఏటా జరిగే హామ్ రేడియో వాళ్ళ మేళా హామ్‌వెన్షన్‌లో, పాత సామాన్ల సంతలో ఆరు డాలర్లకు ఒక చెప్పుల పెట్టె కొన్నాను. అందులోని ఒక కార్డును ఇప్పుడు కలిసి చూద్దాం. పసుపు అట్ట, నల్ల సిరా ఒకటే. మూడున్నర అంగుళాల ఎత్తు, అయిదున్నర వెడల్పు. కాఫీ కప్పులు పట్టుకుని మైక్ ముందు కూర్చున్న భార్యాభర్తల కార్టూన్. ఇద్దరి ముద్దుపేర్లూ పెద్దక్షరాల్లో, మూడక్షరాల సంకేతం కింద చిన్నగా. నాలుగు మూలలా గుండుసూది గుచ్చిన రంధ్రాలు. గోడకు గుచ్చుకోవడానికే ఇవి పుట్టాయి, వీటిని వాళ్ళు ‘వాల్‌పేపర్’ అనే పిలిచేవారు. రంధ్రాలు ఉన్నాయని ధర తగ్గించమని అడగకండి, అది కార్డు ఉద్యోగం చేసిన గుర్తు.

చిరునామాలో జిప్ కోడ్ ఉంది. మొదటి గోడ 1963 జూలై. ముద్దుపేర్ల పొగరు చూస్తే డెబ్బైలు. అడుగున అచ్చులో ‘చానెల్ 16, లోయర్ సైడ్‌బ్యాండ్’ అని ఉంది. సైడ్‌బ్యాండ్ అంటే తరంగంలో ఒక పక్క భాగాన్ని మాత్రమే పంపే పద్ధతి. 23 చానెళ్ళ కాలంలో సైడ్‌బ్యాండ్ వాళ్ళు చేరే మూల 16. ఇంతవరకు మామూలే. భూతద్దం తెచ్చుకోండి. ఆ 16 మీద నీలం బాల్‌పెన్నుతో రెండు గీతలు కొట్టి, పక్కన 38 అని రాసి ఉంది. 40 చానెళ్ళు వచ్చాక సైడ్‌బ్యాండ్ వాళ్ళు మకాం మార్చిన వీధి 36 నుంచి 40. అందులో 38 నలుగురూ కలిసే కూడలి.

అంటే ఈ కార్డుకు రెండు వయసులు. అచ్చు 1977కు ముందుది. పంపింది 1977 తరువాత. వెనక్కు తిప్పండి. ముద్రలో రాష్ట్రం పేరు తప్ప ఏమీ కనబడదు, కానీ స్టాంపు 10 సెంట్లు. ఛార్జీ సరిగ్గా కట్టారనుకుంటే 1978 మే 29కీ 1981 మార్చికీ నడుమ. సూర్యుడి మచ్చలు ఆ దఫా తారస్థాయికి చేరింది 1979లో. స్కిప్ ఊపందుకుని, పాత కార్డుల కట్ట అటక మీద నుంచి మళ్ళీ కిందికి దిగి ఉంటుందని నా ఊహ. దీన్ని ఊహ అనే రాసుకున్నాను. నా చీటీ ఇలా ఉంది: ‘అచ్చు 1963–76, బహుశా 70 తరువాత. పంపినది 1978–81. 16 కొట్టి 38.’

ఆ కొట్టివేతను మరక అనుకుని చౌకగా అమ్మేస్తారు. మచ్చలేని కొత్త కార్డు కంటే నాకిది పది రెట్లు ముద్దు.

అమెరికా కానివి

ఇవి తొందరగా. జర్మనీలో సీబీ 1975 జూలై 1న, ఆస్ట్రేలియాలో 1977 జూలై 1న, బ్రిటన్‌లో 1981 నవంబరు 2న చట్టబద్ధమైంది. బ్రిటన్ కార్డు మీద ఇంటి చిరునామా లేకుండా పోస్టుబాక్సు మాత్రమే ఉండి, ‘ఏఎమ్’ అని గొప్పగా రాసి ఉంటే 1981కు ముందు దొంగచాటు రోజులని అనుమానించండి. ఏఎమ్, ఎఫ్ఎమ్ అనేవి మాటను తరంగం మీద ఎక్కించే రెండు పద్ధతులు. చట్టం ఇచ్చింది ఎఫ్ఎమ్. అక్కడివాళ్ళు ఎదురుపడినప్పుడు చేతికిచ్చుకున్న చిన్న కార్డులను ‘ఐబాల్ కార్డులు’ అంటారు. అవి పోస్టు ముఖం చూడలేదు, కాబట్టి తపాలా సాక్ష్యం కోసం వెతకవద్దు.

హైదరాబాదు, విజయవాడల నుంచి ఇద్దరు ముగ్గురు అడిగారు, మన దగ్గర పాత సీబీ కార్డులు దొరుకుతాయా అని. మన దేశంలో 27 మెగాహెర్ట్జ్ సీబీకి లైసెన్సు అక్కర్లేదని నిబంధన వచ్చిందే 2005లో, అదీ 5 వాట్ల లోపు. కాబట్టి డెబ్బైల భారతీయ సీబీ కార్డు కోసం తిరగకండి. తాతగారి పెట్టెలో ‘వీయూ’తో మొదలయ్యే సంకేతం ఉన్న కార్డు దొరికితే అది హామ్ కార్డు. దానిమీద తేదీ రాసే ఉంటుంది, ఈ పాఠంతో పనిలేదు.

రాసుకోవడం

తేల్చుకున్నదాన్ని కార్డు మీద రాయవద్దు. చీటీ మీద మెత్తటి పెన్సిల్‌తో రాసి, కార్డుతో పాటు తొడుగులో పెట్టండి. బాల్‌పెన్ను అచ్చు అవతలి వైపు లేస్తుంది. లామినేషన్ మాట ఎత్తకండి. మొదటి ఏడాది నేను పన్నెండు కార్డులకు చేయించాను, పదో తరగతి సర్టిఫికెట్‌కు చేయించినంత శ్రద్ధగా. వాటిలో ఒకదాని బాల్‌పెన్ను రాత వేడికి పాకి గోరింటాకులా అయింది. అందులో చానెల్ నంబరు ఉండేది. ఇప్పుడది 11 అయినా కావచ్చు, 17 అయినా కావచ్చు.

వచ్చే వారానికి పని

తేదీ లేని కార్డులు అయిదు తీయండి. ఒక్కొక్కదానికి రెండు గోడలు రాయండి, ఏది రాయి, ఏది తడిక అన్నది పక్కన గుర్తు పెట్టండి. అచ్చుకూ పంపడానికీ వేర్వేరు వరుసలు ఉంచండి. ఒక కార్డుకు రెండు గోడలూ ఒకదాన్నొకటి దాటిపోతే, ఉదాహరణకు 1977 తరువాతి చానెల్ అచ్చులో ఉండి 6 సెంట్ల ఛార్జీ కనబడితే, తొందరపడి నకిలీ అనకండి. ఆ కార్డును పక్కన పెట్టండి. స్టాంపు ఊడిపోయిన గుర్తులు, కవరులోంచి తీసి అంటించిన స్టాంపులు ఎలా కనిపెట్టాలో నాలుగో పాఠంలో చూద్దాం. అప్పటికి ఒక చిన్న టార్చిలైటు దగ్గర పెట్టుకోండి, పక్క నుంచి వెలుగు వేయడానికి కావాలి.